కాకిమా చదివిన ఎనాలిసిస్

కాలేజీలో ఆనర్స్ సీటు చేతిదాకా వచ్చి జారిపోయింది. లెక్కల మాస్టారు మాత్రం ఓ దారి చూపించారు. దుర్గా పూజ సెలవుల్లో ఎనాలిసిస్ అనే లెక్కల పాఠం సొంతంగా చదువుకుని రా, నోటి పరీక్ష పెడతాను, నిలబడితే సీటు నీదే అన్నారు. కలకత్తా పక్కన మా సంత్రాగాఛి రైల్వే క్వార్టర్స్‌లో ఈ మాట చెబితే మా నాన్న, "ఇన్నేళ్ళు లెక్కలు సదివి, అంకెలంటే ఏటో ఇప్పుడు తెలుసుకుంటావేటే?" అన్నాడు. ఒళ్ళు మండింది గానీ, పుస్తకాల్లో మొదటి అధ్యాయం నిజంగా అదే.

లైబ్రరీలో రెండు ఇంగ్లీషు పుస్తకాలు చూశాను. సన్నది మాటిమాటికీ 'ఇది తేలికే' అని తప్పించుకునేది. తేలికైతే చెప్పొచ్చుగా మరి! లావుది ఒక్క ముక్క చెప్పడానికి ఊరంతా తిరిగి, ఏం చెప్పబోయిందో మరిచిపోయేది. ఇక లాభం లేదని పుస్తకాల కొట్లుండే కాలేజీ స్ట్రీట్‌కి పోయాను. అక్కడ పేజీలు తిప్పనివ్వరు, అడిగితే తీసిస్తారు. మాస్టారు లేకుండా చదువుకునే పుస్తకం కావాలి దాదా అని బెంగాలీలో గలగలా బేరమాడాను. కొట్టాయన మురిసిపోయి, ఇది పక్కన కూర్చుని చెప్పినట్టుంటుందని ఒకటి తీసి, కాగితం చుట్టి తాడు కట్టేశాడు.

ఇంటికొచ్చి విప్పితే మొత్తం బెంగాలీ! మా క్వార్టర్స్ పిల్లలం బెంగాలీలో పోట్లాడతాం, కలలు కూడా కంటాం, అక్షరం మాత్రం ఒక్కటి రాదు. బళ్ళో ఇంగ్లీషు, హిందీ, ఇంట్లో తెలుగు. అమ్మ పడీపడీ నవ్వింది. మార్చుకుందామంటే పూజలకి కొట్లు మూసేశారు. సీటు పోయినట్టే అని ఏడుపొచ్చేసింది.

పక్కింటి బెంగాలీ పిన్ని, మేం పిలిచే కాకిమా, కూరలు తరుగుతూ నా ఏడుపు విని, చేతులు తుడుచుకుని పుస్తకం లాక్కుంది. మొదటి పేజీ పైకి చదివింది. ఓరి నాయనో, అర్థమైపోయింది!

అంతే, రోజూ మధ్యాహ్నం ఆవిడ చదవడం, నేను రాసుకోవడం. ఎప్సిలాన్ అనే గ్రీకు అక్షరం ఆవిడకి 'అటు తిరిగిన మూడు', డెల్టా 'తోకది'. చిన్న క్లాసులోనే ఆవిడ చదువు మాన్పించేశారు. కానీ తనకి అర్థం కాకపోతే పేజీ తిప్పేది కాదు. ఆగు, ముందు నాకు చెప్పు అనేది. పరీక్ష దగ్గరికొస్తోంది, ఈవిడ గోలేమిటని విసుక్కుంటూనే చెప్పేదాన్ని.

పరీక్షలో మాస్టారు కంటిన్యుటీ అంటే ఏమిటన్నారు. ఇంగ్లీషు ముక్క నోట రాలేదు. "మీరెంత చిన్న అటు తిరిగిన మూడు ఇచ్చినా సరే, దానికి తగ్గ తోకదాన్ని నేను తెస్తాను" అని బెంగాలీలో అనేశాను. ఆయన పకపకా నవ్వి, సరిగ్గా అదే, ఇక గుర్తుల్లో రాయమని సుద్దముక్క ఇచ్చారు. బోర్డు మీద తప్పుల్లేకుండా రాశాను. సీటిచ్చారు.

పరుగున వచ్చి కాకిమాకి చెప్పాను. వాటేసుకుంది, నోట్లో మిఠాయి కుక్కింది. అంతలోనే మొహం చిన్నబోయింది.

"నీకు సీటొచ్చింది, సంతోషం. మనకింకా రెండు అధ్యాయాలున్నాయే. అవి నాకెవరు చెబుతారు?"

నాకోసమే చదువుతోందనుకున్నాను అన్నాళ్ళూ. చెప్పులు విప్పి, పీట లాక్కుని కూర్చున్నాను. చదువు కాకిమా, అన్నాను.