మార్తమ్మ టీచరుగారు అడిగిన అవకాశం

మార్తమ్మ టీచరుగారు ప్రభువునందు నిద్రించారన్న వార్త మొన్న తెల్లవారుతూనే మా రైలు స్నేహితుల వాట్సాప్ గ్రూపులోకి వచ్చింది. హృదయవిదారకమైన ఆ వార్త కింద అప్పటికే ఒకాయన బొటనవేలు పైకెత్తిన బొమ్మ పెట్టాడు. ఇలాంటి చోట దిగ్భ్రాంతికి లోనయ్యానని రాయాలి. అయ్యాను కూడా. కానీ నన్ను ముందు కలవరపెట్టింది 'నిద్రించారు' అన్న మాట. తాడేపల్లిగూడెం నుంచి ఏలూరు బడికి శిష్యుడిగా ఆవిడ వెంట ప్యాసింజరులో తిరిగిన అన్నేళ్ళలో ఆవిడ కునుకు తీయగా నేను చూడలేదు. కిటికీ దగ్గర కూర్చుంటే తలుపు దగ్గరికి వెళ్ళాలి, తలుపు దగ్గరుంటే పక్క బెంచీలో ఏం మాట్లాడుకుంటున్నారో వినాలి. అలాంటి మనిషి ఉన్నట్టుండి కుదురుగా పడుకుందంటే నమ్మబుద్ధి కాలేదు.

ఆవిడ పుట్టింది పెంటపాడులో, కాపురం గూడెంలో, హిందీ చెప్పింది ఏలూరులో. వృత్తి ఉపాధ్యాయత్వం, ప్రవృత్తి శబ్దాన్వేషణం. ఆ అన్వేషణలో ఆవిడను జీవితాంతం తిప్పిన మాట ఒక్కటే, అవకాశం.

మా ప్యాసింజరులో సీజన్ టికెట్టు వాళ్ళకొక ఆచారం ఉంది. రైలు ఆగకముందే కిటికీలోంచి కర్చీఫు వేస్తే ఆ సీటు వాళ్ళది. ఏలూరు ఆఫీసులో సూపరింటెండెంటుగా చేసిన ప్రకాశరావుగారు ఈ విద్యలో సిద్ధహస్తులు. ఆయన గళ్ళ కర్చీఫు గురి తప్పేది కాదు. టీచరుగారు రోజూ దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి, మడతపెట్టి, ఆయన చేతికిచ్చి, ఆయన్ని నిలబెట్టి అక్కడ కూర్చునేవారు. "కర్చీఫుకి సీజన్ టికెట్ ఉందాండీ?" అని మాత్రం అడిగేవారు. బెంచీ నిండిపోయి ఉంటే, "కొంచెం అవకాశం ఇస్తారా అండీ" అనేవారు.

"జరగమంటే సరిపోదాండీ? మధ్యలో ఈ అవకాశం ఏవిటి?" అన్నారొకరోజు ప్రకాశరావుగారు.

"సంస్కృతంలో అవకాశం అంటే ముందు చోటేనండి. ఖాళీ జాగా. మనవే దాన్ని తీసుకెళ్ళి ఉద్యోగాలకీ సినిమా వేషాలకీ తగిలించాం. ఆకాశం, ప్రకాశం, అవకాశం, మూడూ ఒకే ధాతువు పిల్లలు. ఆ లెక్కన మీకు చుట్టం కూడాను. జరగండి."

ఆయన జరిగారు. చుట్టరికం కలిపాక మనిషి ఇంకేం చేస్తాడు.

తరగతిలో ఆ మాట నా మీద కూడా పడింది. హిందీ పాఠంలో 'గ్రీష్మావకాశ్' వస్తే నేను లేచి ధీమాగా 'వేసవి అవకాశం' అని అనువదించాను. క్లాసంతా నవ్వింది. టీచరుగారు నవ్వలేదు.

"ఊరుకోండర్రా. వీడు తెలుగువాడు, తెలుగులోనే చెప్పాడు. హిందీవాడికి అవకాశం అంటే సెలవు. పనికీ పనికీ మధ్య ఖాళీ ఉంటుంది చూడండి, ఆ ఖాళీని చూసి ఒకడు పడుకున్నాడు, ఇంకొకడు దరఖాస్తు పెట్టాడు. అంతే తేడా."

మరొకసారి విజయవాడ వెళ్తున్న మలయాళీ నర్సు ఒకావిడ మొహం కడుక్కుని వచ్చేసరికి ఆవిడ సీట్లో ఎవరో కూర్చున్నారు. గొడవ ముదిరింది. ఆవిడకి వచ్చిన కాస్త తెలుగూ కోపంలో ఎగిరిపోయి, "ఎంటె అవకాశమాణ్, ఎంటె అవకాశం" అని అరిచింది. మావాళ్ళు జాలిపడ్డారు. "పాపం, అవకాశం అడుగుతోందండీ. ఇవ్వండి, ఎంతసేపని" అన్నాడొక పెద్దాయన. ఆ అమ్మాయి మరింత మండిపడింది. టీచరుగారు ఆమె పక్కన చేరి, ఊరుకోబెట్టి, అసలు సంగతి రాబట్టారు. మలయాళంలో అవకాశం అంటే హక్కు. ఆ అమ్మాయి మమ్మల్ని బతిమాలడం లేదు, మా మీద దావా వేస్తోంది. ఆ ఆనందంలో టీచరుగారు ఏలూరులో దిగడం మరిచిపోయి, తర్వాతి స్టేషనులో దిగి ఆటోలో వెనక్కి వచ్చారు. ఆలస్యానికి కారణం అడిగిన హెడ్మాస్టరుగారితో, "హక్కు కనుక్కుని వచ్చానండి" అన్నారట. ఆయన యూనియన్ వ్యవహారమనుకుని మళ్ళీ అడగలేదు.

రిటైరయ్యాక ఆవిడకు కాలు నిలవడం ఇంకా కష్టమైంది. ఒక ఆదివారం నన్ను వెంటబెట్టుకుని కొల్లేరు దాపున చేపల ప్యాకింగు షెడ్డుకు తీసుకెళ్ళారు. చేపలు కొనడానికి కాదు. అక్కడ కలకత్తా నుంచి వచ్చిన బెంగాలీ వ్యాపారి ఉన్నాడని ఎవరో చెప్పారు. ఐసు కరిగేలోగా లారీ కదలాలని అతను కేకలు పెడుతున్నాడు. మీ భాషలో అవకాశ్ అంటే ఏమిటని ఆవిడ హిందీలో అడిగారు. అతను తల కూడా ఎత్తకుండా, "అబొకాశ్ నేయి, దీదీ" అనేసి అటు తిరిగాడు.

తిరుగు బస్సులో ఆవిడ మొహం వెలిగిపోతోంది. "తీరికట్రా. లేదు అని చెప్పి అర్థం చెప్పేశాడు."

"తీరిక మీకూ లేదు కదండీ."

"నాకిప్పుడెందుకు? పెంటపాడులో మా మాస్టారి పక్కన కాస్త జాగా ఉంది. అక్కడికెళ్ళాక అంతా తీరికే. నేను పడుకోవాల్సింది అక్కడేనని అమ్మాయికి చెప్పాను."

"మరి ఇటుక పెట్టించుకోలేదేవండీ?"

"కర్చీఫు వేసే అలవాటు నాకు లేదు."

మా వైపు సమాధుల తోటల్లో అదీ ఒక ఆచారం. భార్యో భర్తో ముందు పోతే, ఉన్నవారు పక్కన ఇటుకలు పాతించి తమ చోటు అట్టేపెట్టుకుంటారు. మొన్న పెంటపాడులో టీచరుగారి పెట్టె దింపేసరికి ఆవిడ భర్త జోసెఫు మాస్టారి సమాధి పక్కన ఇటుకలున్నాయి. అటు పక్క సమాధి ప్రకాశరావుగారి భార్యది. రెండింటి మధ్యా ఉన్నది ఒక్క మనిషికి సరిపడే జాగా. ఇటుకలు ప్రకాశరావుగారివి.

"అక్కడ అవకాశం లేదమ్మా. రోడ్డువైపు మూల ఉంది" అన్నారు పాస్టరుగారు.

"అమ్మ నాన్న పక్కనే పెట్టమందండీ. ఒక్కటే అడిగింది" అంది టీచరుగారి కూతురు.

ప్రకాశరావుగారు తలొంచుకున్నారు. "మా ఆవిడకి నేనూ మాటిచ్చానమ్మా" అన్నారు.

ఇద్దరిదీ న్యాయమే. పెట్టె ఎండలో ఉంది. తవ్వేవాళ్ళు పలుగులు పట్టుకుని అటోసారి ఇటోసారి చూస్తున్నారు. టీచరుగారు బతికుంటే ఈ నిశ్శబ్దాన్ని అరనిమిషం కూడా భరించరు. నేను ప్రకాశరావుగారి దగ్గరికి వెళ్ళాను.

"ప్రకాశరావుగారూ, కొంచెం అవకాశం ఇస్తారా అండీ?"

ఆయన చప్పున తలెత్తారు. నన్ను చూశారు, పెట్టెను చూశారు. జేబులోంచి కర్చీఫు తీసి కళ్ళు తుడుచుకున్నారు. అది ఇప్పటికీ గళ్ళదే. తర్వాత భార్య సమాధి మీద చెయ్యి వేసి కాసేపు నిలబడ్డారు. ఆ పైన వంగి, తన ఇటుకలు తనే ఒక్కొక్కటీ పెకలించి పక్కన పెట్టారు.

"మరి మీకండీ?" అన్నారు పాస్టరుగారు.

"ఆవిడ ధర్మమా అని నిలబడి వెళ్ళడం నాకు అలవాటేనండి" అన్నారాయన.

ఆ విధంగా మార్తమ్మ టీచరుగారు తాము కోరిన చోటికి, ఎప్పటిలాగే ఇంకొకరి సీట్లోకి, చేరుకున్నారు. ఆ విదుషీమణి ఆత్మకు శాంతి కలగాలని కోరుకోవాలి. శాంతి ఆవిడకు పడుతుందో లేదో నాకు అనుమానమే. ఈపాటికి అటు ప్రకాశరావుగారి భార్యను నిద్రలేపి ఏదో మాట అడుగుతూ ఉంటారు.

మర్నాడు ప్యాసింజరు ఎక్కాను. బెంచీ నిండా జనం, చివర ఒక కర్చీఫు. దాన్ని ఎత్తి, మడతపెట్టి, పక్కనున్న కుర్రాడికి ఇచ్చి, "కొంచెం అవకాశం ఇస్తారా" అన్నాను.

"దేనికండీ?" అన్నాడతను, మర్యాదగానే.

అవకాశం అంటే ముందు చోటేనని చెప్పబోయి మానేశాను. ఏలూరు దాకా నిలబడే వెళ్ళాను.