నీళ్ల ఊరు, తేలే రాయి

పోయిన ఆదివారం మా తోడల్లుడు, అంటే మా ఆవిడ చెల్లెలి భర్త, భార్యాబిడ్డలతోనూ తల్లితోనూ ధర్మవరం నుంచి రాయదుర్గంలోని మా ఇంటికి వచ్చి, ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు రెండు విడతలుగా తిని, చెయ్యి కడుక్కుని, తుడుచుకుని, మా బల్ల మీద ఇటలీ దేశాన్ని పరిచాడు. మనం చదువుకున్న బళ్లో గోడకు వేలాడుతూ ఒక మూల చెదలు తినేసిన పటం లాంటిది కాదది. నాలుగు కాగితాలు అంటించి, రోముకు ఎర్ర చుక్క, ఫ్లోరెన్సుకు పచ్చ చుక్క, వెనిస్‌కు నీలం చుక్క పెట్టి, ఏ ఊరి నుంచి ఏ ఊరికి రైలు ఎన్నింటికో కూడా పెన్సిలుతో రాసుకున్న పటం. పది రోజుల ప్రయాణమట. తనూ, మా మరదలూ, కూతురూ, కొడుకూ, తన తల్లీ, మొత్తం అయిదుగురు.

"అన్నా, మాకు పెద్దదిక్కు నువ్వే. పోయొచ్చినోడివి గదా, చెప్పు. యాడ ఎన్ని దినాలు ఉండల్ల?" అన్నాడు.

ఆ మనిషి మీద నాకు కుళ్లు ఇవాళ కొత్తగా పుట్టింది కాదు. నాకంటే ఎనిమిదేళ్లు చిన్న, నాకంటే జుట్టు ఎక్కువ, పొట్ట తక్కువ, పట్టుచీర అంచును రెండు వేళ్ల మధ్య ఒక్కసారి నలిపి ఏ మగ్గం మీద నేసిందో చెప్పగలడు, అత్తగారింటికి ఇద్దరం కలిసి వెళితే ముందు ఆయన చేతికే మంచినీళ్ల చెంబు అందుతుంది. ఇవన్నీ ఓర్చుకున్నాను. రోమూ ఫ్లోరెన్సూ కూడా ఓర్చుకునేవాణ్ణే. ఓర్చుకోలేకపోయింది ఆ నీలం చుక్కను. ఎందుకంటే వెనిస్ నాది. పాతికేళ్లకు పైబడి దాన్ని నేనొక్కణ్ణే ఏలుకుంటూ వస్తున్నాను, మా చుట్టపక్కాల్లో ఆ ఊరు కళ్లారా చూసి వచ్చిన మనిషిని నేనొక్కణ్ణే. ఒక చిన్న చిక్కు మాత్రం ఉంది, అది మీకు చెవిలో చెబుతున్నాను. నేనెప్పుడూ అక్కడికి పోలేదు.

అదెలా జరిగిందో చెప్పాలంటే మనమంతా సన్నగా ఉన్న రోజుల్లోకి పోవాలి. అప్పట్లో నేను రాయదుర్గంలోనే ఒక జీన్స్ ప్యాంట్ల యూనిట్లో కటింగు పని చేసేవాణ్ణి. నూరు పొరల గుడ్డను బల్ల మీద దొంతరగా పేర్చి ఒక్క ఊపున కోయడం, సాయంత్రానికి మోచేతుల దాకా నీలం రంగు పట్టడం, ఆ చేతులతోనే అన్నం కలుపుకోవడం. పెళ్లయిన కొత్తలో నీలం వేళ్ల ముద్రలు లేని వస్తువు మా ఇంట్లో లేదు. ఆ యేడు కరువు ఎంతటిదంటే మా కొండ మీది కోతులు దిగివచ్చి, బస్సెక్కి, బళ్లారిలో నీళ్లు తాగి, సాయంత్రం బస్సుకు తిరిగి వచ్చేవి. మీలో ఎవరైనా నమ్మకపోతే నా తప్పు కాదు, కండక్టరు నమ్మాడు.

ఆ ఎండాకాలమే మా ఓనరు నన్ను బళ్లారికి పంపించాడు, ఇరవై రోజులు. కుట్టిన ప్యాంట్లను రాళ్లతో కలిపి పెద్ద డ్రమ్ముల్లో తిప్పి, కొత్తదాన్ని పాతదానిలా చేసే పని నేర్చుకు రమ్మన్నాడు. కొత్త బట్టను కావాలని పాతబరచడం ఏమి విద్యో నాకు అప్పుడు అర్థం కాలేదు కానీ, ఆ రాళ్లు మాత్రం నా మనసు దోచుకున్నాయి. బూడిదరంగు, ఒళ్లంతా చిల్లులు, చేత్తో పట్టుకుంటే బొరుగుల మూటంత తేలిక. నీళ్లలో వేస్తే తేలేవి. ఏదో దేశంలో మంట కక్కే కొండ నుంచి ఓడలో వస్తాయని అక్కడి మేస్త్రీ చెప్పాడు. ఆ యూనిట్ వెనక సందులో మోరీ నిండా నీలం నీళ్లు పారుతుండేవి, ఇళ్ల వాకిళ్ల ముందు దాటడానికి బండలు పరుచుకుని ఉండేవారు, మధ్యాహ్నం పూట ఆ బండ మీద కూర్చుని బీడీ కాల్చుకుంటే గోడల మీద నీళ్ల నీడలు ఆడేవి. ఆఫీసు గోడ మీద ఒక క్యాలెండరు, దాని మీద నీళ్లలో నిలబడిన ఊరు, కింద వెనిస్ అని పేరు. రాయీ, మోరీ, క్యాలెండరూ. మూడూ కలిపి కుట్టుకోవడానికి నాకు ఇరవై రోజులు పుష్కలంగా సరిపోయాయి.

తిరిగి వచ్చేటప్పుడు జేబులో ఒక రాయి వేసుకొచ్చాను. మా మరదలికి అప్పుడు పదేళ్లు, ఎండాకాలం సెలవులకు బెళుగుప్ప నుంచి మా ఇంటికి వచ్చి ఉండేది. ఆ సెలవుల్లో దానికి ఒకటే పని, ట్యాంకరు వరుసలో మా బిందెల దగ్గర నిలబడటం. రోజు మార్చి రోజు మధ్యాహ్నం వీధి చివరికి ట్యాంకరు వచ్చేది, పొద్దున్నే బిందెలు వరుసలో చేరేవి. బిందెకు ఇంట్లో పని పడితే దాని చోట ఒక రాయి పెట్టి పోయేవాళ్లం, మీకు గుర్తుండే ఉంటుంది. ఏ రాయి ఎవరిదో వీధికంతా తెలుసు. విరిగిన రోకలిబండ ముక్క ఒకరిది, సున్నం పూసిన రాయి ఒకరిది. ఒక చెంబు నీళ్ల కోసం జుట్టూ జుట్టూ పట్టుకున్న ఆడవాళ్లు కూడా పక్కింటివాళ్ల రాయిని పక్కకు తోసి ముందుకు పోయేవారు కాదు. పైగా వరుస కదిలినప్పుడల్లా దాన్ని కాలితో ముందుకు జరిపేవారు. మనిషి లేకపోయినా వంతు ఉండేది.

ఆ ఎండలో, తలమీద తుండుగుడ్డ వేసుకుని నిలబడిన ఆ పిల్లకు నేను చెప్పాను, నేను పోయింది బళ్లారి కాదు, ఇటలీ అని. ప్యాంట్ల పని నేర్చుకోవడానికి పంపారని, అక్కడ ఒక ఊళ్లో వీధులన్నీ నీళ్లేనని, వాకిలి తీస్తే నీళ్లనీ, పక్కింటికి పోవాలంటే పడవనీ, ఆడవాళ్లు కిటికీలోంచి చెయ్యి చాచి బిందె ముంచుకుంటారనీ.

"అన్ని నీళ్లుంటే ఇండ్లు మునిగిపోవా బావా?" అంది.

జేబులోంచి రాయి తీసి, అడుగున మిగిలిన నీళ్లున్న బిందెలో వేశాను. తేలింది. ఆ ఊరి ఇళ్లన్నీ ఈ రాయితోనే కట్టినారు పాపా అన్నాను. ఆ పిల్ల బిందెలోకి వంగి ఎంతసేపు చూసిందంటే, దాని జడ కొస నీళ్లలో పడిన సంగతి కూడా దానికి తెలియలేదు.

ఆ రోజు నుంచి వరుసలో మా ఇంటి రాయి అదే అయింది. మరదలు వీధికి చెప్పింది, వీధి మా అత్తగారికి చెప్పింది, అత్తగారు నన్నే పిలిచి ఆ దేశంలో సంగటి దొరుకుతుందా అని అడిగేసరికి, ఇక వెనక్కి రావడానికి దారి లేకపోయింది. యూనిట్లో వాళ్లను వదిలేస్తే, నిజం తెలిసింది మా ఆవిడ ఒక్కదానికే. బళ్లారికి నా గుడ్డలు సర్ది, బస్సెక్కించింది ఆమే కదా. ఆమె ఎందుకు నోరెత్తలేదంటే, విదేశం పోయొచ్చినవాడి పెళ్లామని వీధిలో వాళ్లు ఆమెను రెండు బిందెలు ముందుకు రానిచ్చేవారు. అంతకంటే పెద్ద గౌరవం ఆ యేడు రాయదుర్గంలో ఎవరికీ దక్కలేదు.

ఇదీ నా రాజ్యం. ఇప్పుడా రాజ్యం మీదికి మా తోడల్లుడు పడవలో బయలుదేరుతున్నాడు. నాకు భయమేసింది అబద్ధం బయటపడుతుందని కాదు, పాతికేళ్ల కిందటి ఊరు మారిపోయిందని ఎలాగైనా బొంకగలను. ఆయన తిరిగి వచ్చాక నా వెనిస్‌ను ఎవరడుగుతారు? ఆయన ఫోన్లో నాలుగు వందల ఫోటోలు ఉంటాయి, నా దగ్గర ఒక మోరీ ఉంటుంది. అందుకని గొంతు తగ్గించి, పెద్దమనిషిలా ముందుకు వంగాను.

"ఏమప్పా, నా మాట ఇని ఆ నీలం చుక్క ఇడ్సిపెట్టు. ఆడ దోమలు పావురాలంత ఉంటాయి. అది పోనీ. చెమ్మ ఎట్లాంటిదనుకున్నావు? పొద్దున కట్టిన పట్టుచీర సాయంత్రానికి బూజు పడతాది. అమ్మ పట్టు తప్ప కట్టదు గదా."

పట్టు వ్యాపారిని పులితో భయపెట్టలేరు, చెమ్మతో భయపెట్టవచ్చు. ఆయన మొహంలో రంగు మారింది. "బూజా!" అని, రబ్బరు తీసి, నీలం చుక్కను అరగదీసి, అక్కడికి అనుకున్న రెండు రోజులూ రోముకు కలిపాడు. ఒక ఊరిని భూమ్మీద నుంచి చెరిపేయడానికి పట్టిన కాలం ఒక బజ్జీ తినేంత. నేను ఇంకో రెండు తిన్నాను.

అప్పుడు మా మరదలు వంటింట్లోంచి టీ తెచ్చింది. ఇప్పుడు బడి పంతులమ్మ, కళ్లజోడు కూడా వచ్చింది. గ్లాసులు పెడుతూ పటం వైపు చూసి ఆగింది.

"నీలం చుక్క యాడ పాయ?"

"అన్నే వద్దన్నాడు. చెమ్మంట, పట్టుకు బూజంట," అన్నాడు ఆయన.

ఆమె అరిగిన కాగితం మీద వేలు పెట్టి ఒక క్షణం నిలబడింది. నేను పోట్లాటకు సిద్ధమయ్యాను, నాలుగు కొత్త అబద్ధాలు కూడా నాలుక మీద పెట్టుకున్నాను. ఆమె పోట్లాడలేదు. "సరేలే. బావ చూసినాడు గదా, ఆయనకు తెలుసు," అంది, అని టీ నా చేతికిచ్చింది.

వాళ్ల కూతురు, సరిగ్గా పదేళ్లది, నా కుర్చీ దగ్గరకు వచ్చి, "పెదనాయనా, రోము నాయనకంట, వెనిస్ అమ్మకంట. అమ్మ అడిగింది ఆ ఊరొక్కటే," అంది.

ఆ టీ నేను తాగలేకపోయాను. నా కథను నిజమని నమ్మి, ఆ నమ్మకాన్ని ఇన్నేళ్లు పోషించుకున్న మనిషి లోకంలో ఒక్కతే ఉంటే, ఆమె నోటి ముందరి నీళ్లను నేనే పారబోశాను, అదీ ఆమె మొగుడి మీది కుళ్లుతో. వంటింటి గడప మీద మా ఆవిడ నిలబడి నావైపే చూస్తోంది. పాతికేళ్లు నా గుట్టు దాచిన కళ్లు అవి. ఇక దాచనని చెప్పాయి.

మరదలి వైపు తిరిగి, "పాపా, నేను బళ్లారి దాటలేదు," అన్నాను.

ఎవరికీ వెంటనే అర్థం కాలేదు. రెండోసారి చెప్పాను, మోరీతో సహా చెప్పాను, క్యాలెండరుతో సహా చెప్పాను. మా తోడల్లుడు నవ్వడం మొదలుపెట్టి, పొలమారి, నీళ్లు తాగి, మళ్లీ నవ్వాడు.

"అయితే చెమ్మ?"

"చెమ్మా లేదు, బూజూ లేదు."

"దోమలన్నా ఉండాయా లేదా అన్నా?"

"ఉంటే ఉండొచ్చప్పా, నాకేం తెల్సు!"

ఆయన తల్లి కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నా సింహాసనం మీదికెక్కి అందరూ గంతులు వేస్తున్నట్టుంది. మా మరదలు మాత్రం నవ్వలేదు, కోప్పడలేదు. కూతురి పెట్టెలోంచి నీలం పెన్ను తీసి, పాత చుక్క చెరిగిన చోట రూపాయి బిళ్లంత కొత్త చుక్క పెట్టింది. సిరా కాగితం ఆ పక్కకు ఇంకిపోయేంత గట్టిగా.

సాయంత్రం కారెక్కబోతూ, నేను మొహం చాటేసి గేటు దగ్గర నిలబడి ఉంటే, దగ్గరకు వచ్చింది.

"ఆ రాయి నా కాడనే ఉండాది బావా. కాళ్లు రుద్దుకుంటాండా. అరిగి అరిగి నిమ్మకాయంతయింది."

తల ఊపాను.

"దాన్ని తీసకపోతాండా. ఆడ నీళ్ల ఒడ్డున నీ పేరుతో వరుసలో పెట్టొస్తా. ఎప్పుడన్నా వస్తే నీ వంతు ఉంటాది."

కారు వెళ్లిపోయింది. వచ్చే నెల వాళ్ల ప్రయాణం. ఆ ఆదివారం నుంచి రోజూ మా వీధి చివరిదాకా నడిచి వస్తున్నాను, ఊరికే. ట్యాంకరు ఆగిన చోట ఇప్పుడు మోటారు సైకిళ్లు ఆగుతున్నాయి, ఇంటింటికీ కొళాయి వచ్చింది, వేళకు రాకపోతే ఎవరింట్లో వాళ్లు మోటారు వేసుకుంటారు. వరుసలు లేవు. మంచిదే, ఆ ఎండా ఆ పోట్లాటలూ మళ్లీ రావాలని నేను కోరను. కానీ మనం లేనప్పుడు మన రాయిని కాలితో ముందుకు జరిపే మనుషులు ఎప్పుడు ఎక్కడికి పోయారో నాకు తెలియలేదు. కథ చెబితే వినే పిల్లలు కూడా అలాగే పోయారు. ఇప్పుడు ఏ పిల్లకైనా నీళ్ల ఊరు చెప్పడం మొదలుపెడితే, నేను కథలో వాకిలి తీసేలోగానే ఫోన్లో పడవ చూపిస్తుంది.

తోడల్లుడి మీద కుళ్లు చాలావరకు తగ్గింది. ఆయన పోయినా చూసి వస్తాడు, అంతే, తిరిగి వచ్చి చీరలు అమ్ముకుంటాడు. నా కడుపుమంటంతా ఇప్పుడు ఆ రాయి మీద. బళ్లారి మోరీ పక్క నుంచి నేను జేబులో వేసుకుని తెచ్చిన రాయి, నాకంటే ముందు వెనిస్ చేరుతోంది. అక్కడి జనం ఎటువంటివారో, మన వీధివాళ్లలాగా దాన్ని కాస్త ముందుకు జరుపుతారో లేదో.