లచ్చవ్వ చేతి రాళ్ల వాచీ

ఈ నెల మొదటి శుక్రవారం ఉదయం ఆరున్నర గంటలకు బాన్సువాడ దవాఖానలో మా అవ్వ లచ్చవ్వ తుదిశ్వాస విడిచింది. ముందురోజు సాయంత్రం వరకు మల్లెలు మూరవేసి అమ్మిన మనిషి ఇక లేదన్న వార్తను నా మనస్సు చాలాసేపు అంగీకరించలేదు. నర్సు ఆమె ముంజేతి నుంచి ఆగిపోయిన రాళ్ల వాచీని విప్పి నా అరచేతిలో పెట్టినప్పుడే నమ్మాను. జీవించి ఉండగా ఆమె దానిని తీయడం నేను చూసింది ఒక్కసారే.

పూలమ్మే మనిషిగా ఆమెను ఎరిగినవారు అనేకులు. ఆ వాచీ వృత్తాంతం తెలియనివారి కోసమూ, మరిచినట్టు నటిస్తున్న ఇద్దరి కోసమూ ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

అవ్వ పూర్వం కోటగిరిలో ఒక సంపన్న రైతు కుటుంబంలో, మంచంపట్టిన ముసలమ్మగారికి పరిచర్య చేసేది. ఆ ఇల్లాలు కన్నుమూసే ముందు తన పెళ్లినాటి వాచీని స్వయంగా అవ్వ చేతికి కట్టింది. గోరంత ముఖం, చుట్టూ తెల్లని రాళ్లు, బంగారు పట్టీ. కర్మకాండ ముగియగానే పెద్దకొడుకు దానిని వెనక్కి తీసుకుని, వెల కట్టమని బాన్సువాడలో తనకు పరిచయమున్న నగల సేటు దగ్గర ఒక రాత్రి ఉంచాడు. మరునాడు అవ్వను దుకాణానికి పిలిపించారు. అక్కడ జరిగిన సంభాషణను అవ్వ ఎప్పుడు చెప్పినా ఒక్క మాట మారేది కాదు.

“ఇవి గాజురాళ్లు సారూ. అసల్వి ఎవరో పీకిండ్రు,” అన్నాడు సేటు, భూతద్దం దించి.

“ఏం లచ్చవ్వా, మా అమ్మ వజ్రాలు ఎక్కడ దాచావు?” అన్నాడు పెద్దకొడుకు.

“నేనెందుకు దాస్త అయ్యా? నేనడగకుండనే మీ అమ్మ నా సేతికి కట్టింది.”

“దొంగదానివి! ఈ గాజుముక్కలు నువ్వే కట్టుకో, ఊరంతా చూస్తుంది,” అంటూ ఆయన వాచీని నేలకు విసిరాడు.

అవ్వ వంగి దానిని తీసుకుంది. ఏడవలేదు. “కట్టుకుంట. సేటూ, రోజు నీ ముంగట్నే కట్టుకుంట. సూడలేక నువ్వే తల దించుకోవాలె,” అన్నది.

ఆ వారంలోనే సేటు దుకాణానికి ఎదురుగా పూలబండి వెలసింది. ఆమె శేషజీవితమంతా ఆ ప్రతిజ్ఞాపాలనమే. నగలతో మెట్లెక్కే ప్రతి స్త్రీకీ వాచీ చెయ్యి పైకెత్తి చూపేది. “బిడ్డా, నీ నగను లోపలి అర్రకు పోనియ్యకు. రాత్రికి ఇడిసిపెట్టి పోకు. నీ కండ్ల ముంగట్నే సూడుమను.” అంతకు మించి ఒక్క నింద ఆమె పెదవి దాటలేదు.

“ఓ లచ్చవ్వా, నీ గాజు వాచీల టైమెంతయింది?” అని సేటు ఒకనాడు గేలి చేశాడు.

“నా వాచీ ఎప్పుడో ఆగింది సేటూ. నీ టైమే నడుస్తున్నది. అది ఎప్పుడు ఆగుతదో సూద్దామని కూసున్న.”

వీధిలోని ఆటోవాళ్లు విరగబడి నవ్వారు. నగలు తెచ్చిన ఆడవాళ్లంతా కళ్లెదుటే చూడమని పట్టుబట్టడంతో, చివరకు గత్యంతరం లేక సేటు నగలు పరీక్షించే బల్లను వీధికి కనబడేలా దుకాణం ముందుకు మార్చుకున్నాడు.

మా వంశంలో తొలి పట్టభద్రురాలిని నేను. బాన్సువాడలోనే ఉద్యోగం దొరికాక, అవ్వను ఒప్పించి హైదరాబాదులో పాత గడియారాలకు విలువ కట్టే ఒక పెద్దమనిషి దగ్గరికి తీసుకువెళ్లాను. ఆమె వాచీని విప్పింది అప్పుడే. ఆయన మా కళ్లెదుటే భూతద్దం కింద పరీక్షించారు. “బంగారం మేలైనదే. రాళ్లు మాత్రం మార్చారమ్మా. ప్రతి రాయినీ పట్టి ఉంచే బంగారు కొక్కేలను సన్న పట్టకారుతో లేపి, మళ్లీ వంచారు. ఇంట్లో మనిషి పీకితే ఇవి విరిగిపోయేవి. ఇది నగల పనివాడి చెయ్యి,” అన్నారు.

నాకు కన్నీళ్లు ఆగలేదు. అవ్వ మాత్రం వాచీని తిరిగి కట్టుకుంటూ, “గీ ముచ్చట నాకెర్కలేదా పిల్లా? నాకెందుకు, ఆళ్లకు జెప్పు. నేను దొంగను గాదని ఆ పెద్దకొడుకు నోటెంట రావాలె,” అన్నది. కోటగిరి వెళ్లి చెప్పాను. “పాత సంగతులు ఇప్పుడెందుకమ్మా,” అని ఆయన తలుపు వేసుకున్నారు. ఆ ఒక్క మాట వినకుండానే అవ్వ వెళ్లిపోయింది.

పదోనాడు ఆ పెద్దకొడుకూ, సేటూ పూలదండలతో వచ్చారు. నేను దండలు ముట్టలేదు. హైదరాబాదు పెద్దమనిషి చెప్పిన మాటలను బంధుమిత్రులందరి ఎదుట బిగ్గరగా చెప్పాను. ఇద్దరూ దండలతోనే వెనుదిరిగారు. క్షమ ఉత్తమ గుణమని నేనూ చదువుకున్నాను. అయితే అవ్వ తరఫున క్షమించే అధికారం నాకు లేదు.

అంతటి ఆగ్రహాన్ని అంతటి నియమంతో మోసిన మనిషి మా బజారుకు మళ్లీ దొరకదు. ఆమె పాదాలకు నా నమస్సులు.

ఆమె పోయిన కొద్ది రోజులకే సేటు బల్ల లోపలి గదిలోకి వెళ్లిపోయింది. పదోనాటి నుంచి వాచీ నా చేతికి ఉంది. ఉద్యోగం ముగిశాక సాయంత్రాలు పూలబండి దగ్గర నేను నిలబడుతున్నాను. నిన్న బల్ల మళ్లీ బయటికి వచ్చింది.