తొమ్మిదిన్నర దగ్గరి ఖాళీ

2018 ఏప్రిల్. మార్కాపురంలో ఒక ప్రైవేటు ప్లానర్ ఆఫీసులో పనిచేస్తున్నాను. నా చదువు పదో తరగతితో ఆగింది. పలకల కార్ఖానాలో కట్టలు లెక్కపెట్టిన అనుభవమే నాకు ఈ ఉద్యోగం ఇప్పించింది. కొలతలు, కూడికలు ఏవి వచ్చినా నా బల్ల మీదికే చేరేవి.

బేస్తవారిపేట దాటాక మెయిన్ రోడ్డు పక్కన ఓబులేసు అనే ఆయనకు ఎకరం స్థలం ఉంది. ముందు వైపు నాలుగు కొట్లు కట్టుకున్నాడు. రికార్డు ప్రకారం అక్కడ చిన్న వ్యాపారాలకే అనుమతి. ఆయన వెనక భాగంలో సిమెంటు గోడౌన్, లారీల కాటా పెట్టాలనుకుని ల్యాండ్ యూజ్ మార్పుకు అర్జీ పెట్టాడు. ఒక నేలను దేనికి వాడాలని రికార్డులో ఉందో దాన్ని మార్చమని అడగడమే ఈ అర్జీ. బరువు లారీలు తిరిగితే ఆ రోడ్డుకు, చుట్టుపక్కల వాళ్లకు ఏమవుతుందో లెక్కకట్టి మేము రిపోర్టు ఇస్తాం. అథారిటీ దాన్ని చూసి నిర్ణయిస్తుంది.

ఇందులో మొదటి పని ట్రాఫిక్ కౌంట్. మూడు రోజులు రోడ్డు పక్కన కూర్చుని, పావుగంటకొక స్లాట్ చొప్పున, లారీలు, బస్సులు, ఆటోలు, ఎద్దుల బండ్లు, ఫారంలో వేటి గడిలో వాటికి గీతలు పెట్టాలి. ఓబులేసు కొట్లలోనే ఒక టీ దుకాణం ఉంటే దాని రేకుల కింద కూర్చున్నాను.

మొదటి సాయంత్రం కూడి చూస్తే తొమ్మిదిన్నర స్లాట్లో ఆరు వాహనాలే ఉన్నాయి. దానికి ముందు నలభై, తర్వాత డెబ్భై. నేనే ఏమరుపాటుగా ఉన్నాననుకుని సిగ్గుపడ్డాను. ఎందుకంటే ఆ సమయంలో ఒక గొర్రెల మంద రోడ్డు దాటింది. దాన్ని చూస్తూ పెన్ను ఎత్తిపట్టుకుని ఉండిపోయిన సంగతి నాకు గుర్తుంది. మా నాయనకు మంద ఉండేది. దొడ్డి వాకిట నిలబడి, తొడ మీద తడుతూ జతలు జతలుగా లెక్కపెట్టేవాడు. నాకు అంకెలు వచ్చింది ఆ వాకిట్లోనే. నా పన్నెండో ఏట కరువొచ్చి మందను అమ్మేశాడు. ఆ తర్వాత ఆయన తొడ తట్టుకోవడం నేను చూడలేదు.

రెండో రోజు మందను కాకుండా రోడ్డును చూశాను. అటు ఇటు బండ్లన్నీ ఆగి ఉన్నాయి. సాయంత్రం మంద మళ్లీ వచ్చినప్పుడూ అంతే. నా లెక్క తప్పు కాదు. తప్పు ఫారానిది. అందులో గొర్రెలకు గడి లేదు.

మూడో రోజు సాయంత్రం కౌంటు ముగించి మంద వెంట నడిచాను. దాన్ని కాసే పిచ్చమ్మకు అరవై దాటి ఉంటాయి.

“ఏందయ్యా, మూడు దినాల్నుంచి గీతలు గీస్తాండావు? గొర్రెలకు గూడా పన్నేస్తారా ఏంది?”

“లేదు పెద్దమ్మా, బండ్లు లెక్కపెడతన్నా. మంద ఎంతుంటది?”

“లెక్కగాడివి గదా, నువ్వే చెప్పు.”

“యాభై ఎనిమిది జతలు. నూట పదహారు.”

ఆమె నవ్వి భుజం మీది గొంగడి మడత విప్పింది. లోపల నిన్న పుట్టిన పిల్ల.

“నూట పదిహేడు. మోసేదాన్ని ముందు లెక్కెయ్యాల. ఎవురు నేర్పినారు నీకు?”

“మా నాయన,” అన్నాను.

మంద ఓబులేసు స్థలం గుండా వెళ్లి హద్దు అవతలి నీళ్ల తొట్టి దగ్గర ఆగింది. ఎండాకాలం రోజుకు రెండుసార్లు, వాటికి ఉన్న నీళ్లు అవే.

“ఈడ గోడ లేస్తే?” అన్నాను.

“చుట్టూ తిరగాల, మూడు కిలోమీటర్లు. పెద్ద గొర్రెలు నడుస్తాయి. పిల్లలు నడవవు. అమ్ముకోవడమే.”

పొలాల కొలతల పటాన్ని మేము ఎఫ్‌ఎంబీ అంటాం. అందులో ఆ దారి లేదు. ఓబులేసు కూడా అదే అన్నాడు.

“అన్నా, దుడ్లిచ్చేది నేనా, గొర్రెలా? పటంలో దారుందా?”

“లేదు. కానీ ఈ స్లాట్లు చూడు. రోజుకు రెండుసార్లు పావుగంట దాకా రోడ్డు ఆగుతాంది. నువ్వు లారీల గేటు సరిగ్గా ఆడే పెడతన్నావు. గేటు పడమటికి జరుపు. తూర్పున పదిహేను అడుగులు వదులు. మంద ఆ ఓరన పోతాది.”

కాసేపు కాగితం తిరగేశాడు. “పిచ్చత్త టీ ఏమన్నా తాపించిందా నీకు? సరే, రాయి. గొర్రెలున్నంత కాలమే, ఆ మాట గూడా రాయి.”

రాశాను. అర్జీ ఆ షరతుతోనే పాసయింది.

మూడేళ్ల తర్వాత ఓబులేసు ఫోన్ చేశాడు. “అన్నా, మోకాళ్లు పనిచేయక పిచ్చత్త మందను అమ్మేసింది. ఆ పదిహేనడుగులు కలుపుకుంటా. కాగితం రాసియ్యి.”

షరతు ఎత్తేయాలంటే మళ్లీ మూడు రోజుల కౌంటు కావాలి. అదే రేకుల కింద కూర్చున్నాను. తొమ్మిదిన్నరకు పెన్ను దానంతటదే పైకి లేచింది. రోడ్డు ఆగలేదు. ఆ స్లాట్లో నలభై మూడు. ముందుదానికీ, తర్వాతదానికీ పెద్ద తేడా లేదు. రెండుసార్లు కూడి చూశాను, ఎక్కడైనా తప్పు దొరుకుతుందేమోనని.

మూడో రోజు పిచ్చమ్మ కట్టె ఊతగా పట్టుకుని వచ్చి బెంచీ మీద కూర్చుంది. “ఈ పొద్దుకు కాళ్లు ఈడికే లాగుతాయి నాయనా,” అంది. తర్వాత నా ఫారం వైపు చూసి, “గొర్రెలెన్ని రాసినావు?” అంది.

“సున్నా పెద్దమ్మా.”

“ఉన్నదే రాయి. మూడెండాకాలాలు తాగినాయి గదా.”

ఎండాకాలానికి తొంభై రోజులు, రోజుకు రెండుసార్లు. ఐదువందల నలభై సార్లు. ఆ అంకె రిపోర్టులో వేయడానికి చోటు లేదు. సున్నా వేసి సంతకం పెట్టాను.

అంకె మనం కోరుకున్నది కాకపోయినా వేయాలని నాకు అంతకుముందే తెలుసు. ఈ కేసు నేర్పింది ఇంకొకటి. అప్పటి నుంచి ఏ ఊళ్లో కౌంటుకు కూర్చున్నా, లారీల గడికి ముందు చేత్తో ఒక గడి గీసి ‘మందలు’ అని రాసుకుంటాను. చాలా రోజులు అది ఖాళీగానే పోతుంది. అయినా పొద్దున్నే ముందు చూసేది దానివైపే.