కుడిచేయి ఎప్పుడు పడిపోయింది

మెలకువ వచ్చేసరికి కుడిచేయి లక్ష్మీపతి మాట వినడం లేదు. దుప్పటి కింద మరెవరి చేయో పడి ఉన్నట్టుంది. ఎడమచేత్తో దాన్ని పక్కకు జరిపాడు. బయట మంచు తోసే బండి వీధి చివరి నుంచి వస్తోంది. ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఆ ఇంట్లో అతనొక్కడే. భార్య పోయాక మేడ మీది గదుల్లో హీటు వేయడం మానేశాడు.

రోజూ లేవగానే దేశానికి అవతలి చివర శాన్ రామన్‌లో ఉన్న కూతురు స్పందనకి ఫోన్‌లో బొటనవేలి బొమ్మ పంపాలి. బాగానే ఉన్నానని దాని అర్థం. ఆ ఏర్పాటు కూతురిదే. ఇవాళా పంపాడు, ఎడమచేత్తో తడుముకుంటూ. తిమ్మిరే అయ్యుంటుంది, పిల్లని ఎందుకు కంగారు పెట్టడం అనుకున్నాడు. కాఫీ కప్పు జారి పగిలాక, తిట్టుకోబోతే మాట ముద్దగా వచ్చాక, అప్పుడు 911కి ఫోన్ చేశాడు.

ఆసుపత్రిలో డాక్టరు పేరు వేద. ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగమ్మాయి.

"అంకుల్, బ్రెయిన్‌లో క్లాట్ అడ్డం పడింది. కరిగించే మందు ఉంది. కానీ స్టార్ట్ అయి నాలుగున్నర గంటలు దాటితే డేంజర్, లోపల బ్లీడ్ అవ్వొచ్చు. మీరు బాగున్నప్పుడు లాస్ట్ చూసింది ఎవరు?"

ఎవరూ లేరు. శుక్రవారం ఇంటి నుంచే కెమెరా ఆపేసి మీటింగులో కూర్చున్నాడు. శనివారం ఎవరితోనూ మాట్లాడలేదు. ఇవాళ ఆదివారం.

నర్సు స్పందనకి ఫోన్ కలిపి స్పీకర్లో పెట్టింది.

"పొద్దున్నే థంబ్స్ అప్ పంపాడండీ! ఇప్పుడే కదా! హీ వాజ్ ఫైన్. మందు ఇచ్చేయండి, ప్లీజ్!"

వేద చెప్పగానే నర్సు మందు కలపడానికి కదిలింది. లక్ష్మీపతి కళ్లు మూసుకున్నాడు. ఊరుకుంటే మందు వస్తుంది. రాత్రెప్పుడో మొదలై ఉంటే ఆ మందే ప్రాణం తీయొచ్చు. చెబితే అసలు ఇవ్వకపోవచ్చు. చేయి ఇలాగే ఉండిపోవచ్చు.

"కా... కాదు," అన్నాడు. "లేచేసరికే... పడిపోయింది. ఎడంచేత్తో... పంపా."



"ఇంతకు ముందు కూడా ఇట్లాగే పంపేవాడివా డాడీ?"

లక్ష్మీపతి ఎడమచేత్తో కుడిచేతిని దగ్గరికి లాక్కున్నాడు.

"థాంక్స్ అంకుల్," అంది వేద. "ఎవరూ చూడలేదు కదా, బ్రెయిన్‌నే అడుగుదాం. ఎమ్మారై."

గొట్టంలోకి పంపారు. రేకు మీద సుత్తులతో కొడుతున్నట్టు మోత. తల కదపకూడదు. మోత ఆగినప్పుడు మాత్రం భయం వేసింది, బయట అందరూ వెళ్లిపోయారేమోనని.

వేద దాదాపు పరుగున వచ్చింది.

"టూ పిక్చర్స్ అంకుల్. ఒకదాంట్లో దెబ్బ తిన్న ప్లేస్ వెంటనే తెల్లగా కనిపిస్తుంది. రెండోదాంట్లో తెల్లగా అవ్వడానికి గంటలు పడుతుంది. మీకు ఫస్ట్ దాంట్లోనే ఉంది. అంటే కొత్తది. మందు ఇస్తున్నాం."

సూదిలోంచి మందు ఎక్కుతోంది. వేద ఇంకో పేషెంటు దగ్గరికి వెళ్లింది. విమానం టికెట్ చూస్తానని చెప్పి స్పందన ఫోన్ పెట్టేసింది. లోపల రక్తం కారుతోందేమో కనిపెట్టడానికి నర్సు కాసేపటికోసారి వస్తుంది. పేరు చెప్పమంటుంది, చేయి ఎత్తమంటుంది. చేయి ఇంకా లేవడం లేదు. పేరు చెప్పగానే ఆమె ఏదో రాసుకుని వెళ్లిపోతుంది.

ఆమె అడుగుల చప్పుడు మళ్లీ వినిపించింది. తలుపు తెరుచుకోకముందే లక్ష్మీపతి తన పేరు కూడబలుక్కోవడం మొదలుపెట్టాడు.