హంద్రీ ఒడ్డు గూటమ్మ

మద్దమ్మ కలలోకి మనుషులు వచ్చేవాళ్ళు కాదు. దేవుళ్ళూ వచ్చేవాళ్ళు కాదు. నేల వచ్చేది. ఎత్తూ పల్లం లేని నేల, అలికి ఆరబెట్టిన పెద్ద వాకిలి లాగా, అంచు ఎక్కడుందో తెలియకుండా ఆకాశం దాకా పరుచుకొని ఉండేది. దాని మీద ఆమె ఒట్టి కాళ్ళతో నడుస్తూ పోయేది. కాలికి ఒక గులకరాయైనా తగిలేది కాదు. మెలకువ వచ్చాక మొగుడు సుంకన్నతో చెబితే, "పగలంతా మన్ను మోస్తావు, నిద్దర్లో కూడా మోస్తే ఎట్ల మే?" అనేవాడు. ఆ మనిషి నోట అంతకంటే పొడుగు మాట ఎప్పుడూ రాలేదు. అదైనా ఆవలిస్తూ వచ్చేది.

ఆమె పుట్టింది ఆలూరు దగ్గర పల్లెలో. వాళ్ళ నాయన చేను వాలు మీద ఉండేది. వాన రాని ఏడు పంట లేదు, వచ్చిన ఏడు మన్ను లేదు. పైమట్టంతా కింది చేనివాడికి పోయి వీళ్ళకు రాళ్ళు మిగిలేవి. "మన చేను లేచి పోతాండాది నాయనా" అని ఏడుస్తూ, చిన్నప్పుడు వాన నీళ్ళకు అడ్డంగా పడుకునేదట. మట్టిని చెప్పిన మాట వినేటట్టు చేయాలన్న పట్టు ఆమెకు అక్కడే పట్టుకుంది. పెళ్ళయ్యాక సుంకన్నతో కలిసి రోడ్లకు, కాలవ గట్లకు, రైలు కట్టకు తట్టలు మోసింది. నోరు మంచిది కాదని కూలి ముఠాలో అందరూ అనేవాళ్ళు. ఆ నోటికే ముఠా అంతా లొంగింది. మేస్త్రీ ఎవరని ఎవరైనా అడిగితే సుంకన్న కూడా ఆమె వైపే చూసేవాడు. కాగితం మీద మాత్రం పని ఎప్పుడూ కాంట్రాక్టరు రామకోటయ్యది. తవ్వేది వీళ్ళు, గొడుగు కింద నిలబడేది ఆయన, పేరు ఆయనది. పేరు అన్నది ఎలా ఉంటుందో, ఒంటి మీద నగ లాగా బరువుంటుందో, గాలి లాగా తేలిగ్గా ఉంటుందో, ఒక్కసారి చూడాలని మద్దమ్మకు ఉండేది.

ఇంతలో కర్నూలు రాజధాని అయింది. ఊరికి పెళ్ళింటి కళ వచ్చింది. డేరాల్లో ఆఫీసులు, పశువుల కొట్టాలకు సున్నం కొట్టి అద్దెకిచ్చిన గదుల్లో గుమాస్తాలు. దిబ్బ అన్నది కనిపిస్తే చాలు, చదును చేయమనేవాళ్ళు. హంద్రీ ఒడ్డున ఒక వీధి వెనక పెద్ద ఎర్రమట్టి దిబ్బ ఉండేది. అక్కడ ఉద్యోగస్తులకు ఇళ్ళు కడతారని, ఆ చదును పనికి రామకోటయ్య కాచుకొని ఉన్నాడని తెలిసింది. మద్దమ్మ తట్ట కింద పెట్టి, కొప్పు బిగించుకొని, తిన్నగా మునిసిపాలిటీ ఆఫీసుకు నడిచింది.

అక్కడ ఓవర్సీరు బసవరాజు ఉన్నాడు. చెడ్డవాడేం కాదు. రూలు అన్న మాట పలికేటప్పుడు చొక్కా బొత్తాం సరిచూసుకునే రకం.

"ఆ పని నా పేరు మీద రాయి సామీ."

"ఆడమనిషి పేరు మీదనా?"

"ఏం, మన్నుకు మీసాలు ఉండాయా?"

బసవరాజు నవ్వు ఆపుకున్నాడు. "రాస్తా. రూళ్ళన్నీ పాటిస్తేనే. ఒక్కటి తప్పినా పని రామకోటయ్యకు పోతాది. తర్వాత నన్ను అనొద్దు."

"చదివి చెప్పు. నాకు ఒకసారి వింటే చాలు."

తట్ట ఎత్తకముందే చేయాల్సినవి చాలా ఉన్నాయి. దిబ్బ మీద కొయ్య గూటాలు పాతాలి. నడి గూటం తలకు దూరానికి కూడా కనపడేటట్టు ఎర్ర రంగు వేయాలి. పొద్దు గూకితే, దారిన పోయేవాడు తట్టుకోకుండా, దాని పక్కన లాంతరు పెట్టాలి. చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళకు పని సంగతి చెప్పి ఒక వారం ఆగాలి. ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఆ వారంలో చెప్పుకుంటారు. మోరీల్లోకి మన్ను పోకూడదు, దుమ్ము లేవకుండా నీళ్ళు చల్లాలి. అన్నిటికంటే ముఖ్యం నడి గూటం. చుట్టూ ఎంత తవ్వినా దాన్నీ, దాని కింది మట్టినీ కొలత అయ్యేదాకా తాకకూడదు. అలా మిగిలిన దిమ్మెను చూసే ఎంత లోతు తవ్వారో లెక్క కడతారు. కూలివాళ్ళు దాన్ని సాక్షి అంటారు. కొలత అయ్యాక సాక్షిని కూడా తీసేస్తే పని పాసయినట్టు, పేరు ఎక్కినట్టు.

ఇంతవరకు బాగానే ఉంది. గూటాలు పాతిన రోజున వచ్చింది తంటా. ముఠాలో ఒక ఆచారం ఉంది. కొత్త నేలలో మొదటి పార దిగేముందు నేలకు పసుపు కుంకుమ పెట్టి, నొప్పి చేస్తున్నాం తల్లీ అని చెప్పుకుంటారు. ఆ రోజు పార దిగడానికి రూలు ఒప్పుకోదు. దిగింది గూటం ఒక్కటే. మద్దమ్మ క్షణం ఆలోచించి నడి గూటానికే పసుపు పూసింది.

"అక్కా, నేలకు గదా పూసేది?" అంది ముఠాలోని ఈరక్క.

"నేలకు చెప్పమని గూటానికి చెప్తాండా. నువ్వు నోరు ముయ్యి."

పొద్దు వాలింది. హంద్రీ ఇసుక మీద నుంచి గాలి లేచి, దిబ్బ చుట్టూ ఎర్రటి దుమ్ము మెల్లగా తిరిగింది. రూలు ప్రకారం సుంకన్న లాంతరు పెట్టి వచ్చాడు. ఆ వెలుగులో, ఆ దుమ్ములో, దూరం నుంచి చూస్తే పసుపు ఒళ్ళు, ఎర్రటి మొహం, పక్కన దీపం. వీధి చివరి మిద్దె మీద బియ్యం కొట్టు శెట్టి భార్య కన్యకమ్మ ఒడియాలు ఎత్తుకుంటూ ఉంది. చేట చేతిలో అలాగే ఉండిపోయింది. దిబ్బ మీద ఎవరో కూర్చొని తన వైపే చూస్తున్నట్టు తోచింది. చేతులు వాటంతట అవే జోడించుకున్నాయి.

మరునాడు ఆమె మోకాళ్ళ నొప్పి తగ్గింది. చలి పోయి ఎండ ముదిరితే ఎవరికైనా తగ్గుతుంది, అది వేరే మాట. ఆమె ఒక టెంకాయ కొట్టింది. టెంకాయ చిప్పలు చూసి ఇంకొకరు నిమ్మకాయ పెట్టారు. నిమ్మకాయ చూసి ఒకరు గాజులు పెట్టారు. ఆగమన్న వారం గడిచేసరికి అమ్మకు పేరు కూడా వచ్చింది, గూటమ్మ అని. వారం చివర వీధి వీధంతా మునిసిపాలిటీకి పోయి, దిబ్బ మీద పార పడితే ఊరుకునేది లేదని చెప్పి వచ్చింది.

బసవరాజు సైకిలు మీద రొప్పుతూ వచ్చాడు. "గూటానికి పసుపు పూసిందెవరు?"

"నేనే. ఎర్ర రంగు పూసిందెవరు సామీ?"

"రూలు ఉండాది కాబట్టి..."

"దీపం పెట్టమనిందెవరు? వారం దినాలు జనానికి తీరిక ఇచ్చిందెవరు? నేనొక్కదాన్నే చేసిన దేవత కాదు సామీ. నువ్వూ నేనూ రూలూ కలిసి చేసినాం."

బసవరాజు బొత్తాం సరిచూసుకున్నాడు. "అదంతా నాకు తెలీదమ్మా. రేపటికల్లా ఆ వీధివాళ్ళు అభ్యంతరం లేదని చెప్పల్ల. లేకుంటే పని రామకోటయ్యకు పోతాది."

మద్దమ్మ కన్యకమ్మ ఇంటికి పోయింది. అరుగు కింద నిలబడి, "శెట్టెమ్మా, పసుపు పూసిన చెయ్యి ఇది. నేను అమ్మకు కీడు చేస్తానా?" అంది.

"నువ్వు పూసేదేంది? అమ్మ తనంతట తాను వెలసింది" అంది కన్యకమ్మ.

నోటి దాకా వచ్చిన మాటను మద్దమ్మ మింగింది. ఆమె పుట్టి బుద్ధెరిగాక మింగిన మాటలు చాలా తక్కువ. "సరే, వెలసింది. అమ్మను గానీ అమ్మ కాళ్ళ కింది మన్నును గానీ నేను తాకను. చుట్టూ చదును చేసుకుంటా. సర్కారు రూలు కూడా తాకొద్దనే ఉండాది."

"నేను చెప్పేదాకా తాకవు గదా?"

"మీరు చెప్పేదాకా తాకను."

"ఒట్టు?"

"నా నోరే ఒట్టు. ఈ ముఠాను అడుగు, నేను ఒక మాట అంటే దాన్ని తిప్పేవాళ్ళు లేరు, నేనే తిప్పలేను."

కన్యకమ్మ ఒప్పుకుంది, ఆమె వెనక వీధీ అభ్యంతరం లేదని చెప్పి వచ్చింది. పని మొదలైంది. అవి ఎండాకాలం రోజులు. పొద్దున గడ్డపారల చప్పుడు, మధ్యాహ్నం ఏ చప్పుడూ లేదు. తడిపిన మన్ను వాసన తలకెక్కి, తట్టలు మోసే ఆడవాళ్ళు నిద్రలో నడిచినట్టు వరసగా వచ్చేవాళ్ళు, వరసగా పోయేవాళ్ళు. నేల కొంచెం కొంచెంగా కిందికి దిగుతూ ఉంటే, గూటమ్మ ఉన్నచోటే ఉండి పైకి లేస్తున్నట్టు కనిపించేది. మొదట మోకాలెత్తు, తర్వాత నడుమెత్తు, తర్వాత తలెత్తు. అమ్మ పెరుగుతోందని పేటలన్నిటా చెప్పుకున్నారు. మద్దమ్మకు నవ్వు వచ్చేది. కానీ ఎండ మండే వేళ దిమ్మె నీడలో చెంగు పరుచుకొని పడుకొని పైకి చూస్తే ఆ నవ్వు ఆగిపోయేది. నిన్నటి దాకా మనుషులు నడిచిన నేల ఇప్పుడు ఆమె తలకు పైన, గాలిలో ఉంది. ఆ గాలిలో ఒక కొంగ అడ్డంగా ఈదుతూ పోయింది. ఇంత మన్ను మోసినామా అనుకొని, తానే ఒక పెద్ద చెరువు అడుగున పడుకున్నట్టు, పైన ఎక్కడో ఒడ్డు మీద పచ్చటి మనిషి ఒకామె కూర్చొని తనను కాస్తున్నట్టు అనిపించేది. అలా అనిపించిందని ఎవరితోనూ చెప్పలేదు.

ఆఖరికి దిబ్బ పోయింది. చదును మధ్య సాక్షి ఒక్కటే నిలబడింది. బసవరాజు వచ్చి కొలత తీసుకున్నాడు. నేలంతా ఈ చివర నుంచి ఆ చివరకు చూసి తల ఊపాడు.

"బాగుండాది. ఇంక దిమ్మె తీసెయ్యి."

"తియ్యను."

"ఏమమ్మా, నీకేమన్నా పట్టిందా? తియ్యకుంటే పాసు కాదు. రామకోటయ్య ఆఫీసు కాడ కూసోని ఉండాడు. ఒక గంట పని, ఆయన తీయించి ఆయన పేరు రాయించుకుంటాడు."

"మాట ఇచ్చినా. శెట్టెమ్మ చెప్పేదాకా తియ్యను."

"సాయంత్రం దాకా చూస్తా" అని బసవరాజు దూరంగా వేపచెట్టు కింద కూర్చున్నాడు.

సుంకన్న పార మీద చెయ్యి వేసి పెళ్ళాం మొహం చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. ఇన్నేళ్ళ ఎదురుచూపు ఆ దిమ్మె మీద కూర్చొని ఉంది. పోయి అడుగుదామంటే నోరు రావడం లేదు. దేవతను దించమని కన్యకమ్మను బతిమాలే మనిషి కాదు ఆమె. ఎవరినీ బతిమాలిన మనిషి కాదు. దిమ్మెకు వీపు ఆనించి కళ్ళు మూసుకుంది. పేరు తన పక్క నుంచే, ఎవరో తెలియనామె లాగా, గాజులు గలగలమనిపించుకుంటూ దాటిపోతున్నట్టు వినిపించింది.

గాజుల చప్పుడు నిజమే. కన్యకమ్మ తాంబాళంలో పసుపు కుంకుమ పెట్టుకొని వచ్చింది. ఆ రోజు శుక్రవారం. దిమ్మె ముందు నిలబడి చెయ్యి చాచింది, అందలేదు. మునివేళ్ళ మీద లేచింది, అందలేదు. కొట్టులో నుంచి నిచ్చెన తెప్పించింది. రెండు మెట్లు ఎక్కేసరికి తల తిరిగింది, మోకాలు కలుక్కుమంది, తాంబాళంలోని కుంకుమ అంతా ఆమె మొహం మీదే పడింది. ఈరక్క పక్కకు తిరిగి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఏమే మద్దమ్మా! ఇంత ఎత్తు పెట్టినావు, నేను అమ్మకు బొట్టు పెట్టేదెట్ల?"

"నేను పెట్టలేదు శెట్టెమ్మా. అమ్మ తనంతట తాను పెరిగింది గదా."

కన్యకమ్మ మొహం తుడుచుకుంటూ కాసేపు దిమ్మె వైపు, కాసేపు తన మోకాలి వైపు చూసింది. "దించరాదా?"

"మీరు చెప్పేదాకా తాకనని ఒట్టు పెట్టినా."

"ఇప్పుడు చెప్తాండా గదా!"

"నాతో చెప్తే చాలదు. వీధంతా వినల్ల."

కన్యకమ్మ బియ్యం కొట్టు ఆడమనిషి, గొంతుకు కొరత లేదు. "వినండే! అమ్మ నా ఇంటికొస్తానంటాండాది! దించుతాండారు!" అని వీధి ఆ చివరకు వినిపించేటట్టు కేక వేసింది. జనం వచ్చారు. అమ్మ కన్యకమ్మ ఇంటికే ఎందుకు వస్తానంది, మా ఇంటికి ఎందుకు రానంది అని వాళ్ళలో వాళ్ళకు పోట్లాట వచ్చింది తప్ప, దించొద్దని ఒక్కరూ అనలేదు.

మద్దమ్మే నిచ్చెన ఎక్కింది. గూటాన్ని రెండు చేతులా పట్టుకొని కదిపింది. అది పాలపన్ను ఊడినంత మెల్లగా చేతిలోకి వచ్చింది. కింద కన్యకమ్మ కొంగు పట్టి నిలబడింది. ఆ తర్వాత సుంకన్న మొదటి పార వేశాడు. ఎండకు గట్టిపడిన దిమ్మె పెళ్ళలు పెళ్ళలుగా విరిగింది. తట్టలన్నీ పోయాక ఎక్కడ నిలబడిందో గుర్తు పట్టడానికి కూడా ఏమీ మిగల్లేదు. నేల ఒకటే నేల.

బసవరాజు కాగితం తీశాడు. "పాసు. పేరు చెప్పమ్మా."

"మద్దమ్మ."

"మొగుని పేరు?"

"ఆయన పేరెందుకు? ఆయన నా ముఠాలో మనిషి."

సుంకన్న తల ఊపాడు. బసవరాజు రాసి, ఆమె అడగకుండానే పైకి చదివాడు. "కాంట్రాక్టరు మద్దమ్మ." ఆ మాట చదును మీద ఎక్కడా తట్టుకోకుండా పోయింది. ఆమె అది పోయినంత దూరం చూస్తూ ఉండిపోయింది. బరువుగా లేదు, తేలిగ్గానూ లేదు. ఎండలో నడిచొచ్చినవాళ్ళకు చల్లని కడవ మీద చెయ్యి పెడితే ఎలా ఉంటుందో అలా ఉంది.

"ఏమే, నిలబడి నిద్రపోతాండావా?" కన్యకమ్మ మోచేత్తో పొడిచింది. "మా పెరట్లో అమ్మకు చిన్న గుడి కట్టల్ల. ఆడంతా ఎగుడు దిగుడు. రేపు పొద్దున్నే వచ్చి చదును చెయ్యి."

మద్దమ్మ కొంగు సవరించుకుంది. "రేపు కుదరదు శెట్టెమ్మా. ముందు మునిసిపాలిటీలో చెప్పల్ల. పక్కిండ్లోళ్ళకు చెప్పి వారం ఆగల్ల. గూటం పాతల్ల."

"గూటానికేం, నా కొంగులోనే ఉండాది గదా!"

"చెంపలేసుకో శెట్టెమ్మా, అది అమ్మ. గూటం ఇంకొకటి కావల్ల."