వేటలో దొరికిన బడ్జెట్టు

మొన్న సంతరోజున అరకులో నేనూ మా మేనకోడలూ ఒక బడ్డీ దగ్గర కాఫీ తాగుతూ ఉంటే, టీవీలో ఏదో సభలో బడ్జెట్టు ఆగిపోయిందని చూపిస్తున్నారు. పెద్దమనుషులు కాగితాలు చింపి ఎగరేస్తున్నారు. ఆ ముక్కలన్నీ ఏరి అతికిస్తే మన్యం మొత్తానికీ పందిరి వేయొచ్చు. సగంమంది లేచి వెళ్ళిపోతున్నారు, మిగతా సగం అరుస్తున్నారు. అది చూస్తుంటే నా ముక్కుకి గుప్పున పచ్చిపేడ వాసన తగిలింది. తప్పు కాఫీది కాదు, జ్ఞాపకానిది.

నా ఈడువాళ్ళయితే నమ్ముతారు గనక చెబుతున్నాను. మీసం పెంచాలో వద్దో ఇంకా తేల్చుకోని వయసులో నేను మా పంచాయతీకి వార్డు మెంబర్ని. సర్పంచి మా మేనమామ. ఆయన మీసానికి విడిగా ఒక కుర్చీ వేయాల్సి వచ్చేది. ఉపసర్పంచి మా చిన్నాన్న. ఆయన బల్ల గుద్దితే డొంకరాయి డ్యాములో నీళ్ళు తొణికేవి. మా ఊరికీ, పంచాయతీ ఆఫీసున్న రోడ్డుకీ మధ్యన గెడ్డ, అంటే కొండవాగు. ఎండల్లో మేకపిల్ల కూడా అవలీలగా దాటే ఆ గెడ్డ, వానలు పట్టాయంటే సముద్రానికి పెద్దన్నయ్యలా తయారయ్యేది. ఆ ఏడు మా అక్క కడుపుతో ఉంది. నెలలు నిండేది సరిగ్గా గెడ్డ పొంగే రోజులకే. ముందటేడు నొప్పులు పడుతున్న ఒక ఇల్లాలిని డోలీలో తెచ్చి, నీళ్ళు తగ్గేదాకా ఒడ్డునే దించి ఏడ్చిన సంగతి ఊరంతా ఎరుగును. అక్కని ఇచ్చింది మా మేనమామ కొడుక్కే, కాబట్టి పుట్టబోయే బిడ్డ అటు ఆయనకీ ఇటు చిన్నాన్నకీ కూడా మనవడో మనవరాలో అవుతుంది.

గెడ్డ మీద కల్వర్టు కట్టాలని మామయ్య వర్గం, చిన్నాన్న వర్గం రెండూ ఒప్పుకున్నాయి. మరి బడ్జెట్టు ఎక్కడ ఆగిందయ్యా అంటే, శిలాఫలకం దగ్గర. రాయి మీద ఎవరి పేరు పైనుండాలన్నది తేలలేదు. మామయ్య వర్గం కూర్చుంటే మేం లేచేవాళ్ళం, మేం కూర్చుంటే వాళ్ళు లేచేవాళ్ళు. కోరం లేదని మీటింగు వాయిదా పడేది. నేను చిన్నాన్న వర్గం గనక, ఆయన కనుసైగ చేస్తే ఎంత జోరుగా లేచేవాణ్ణంటే కుర్చీ కూడా నాతోపాటు గుమ్మం దాకా వచ్చేసేది.

ఇంతలో ఇటుకల పండగొచ్చింది. మా కొండల్లో ఆ పండక్కి మగవాళ్ళు విల్లంబులతో వేటకి పోవడం, ఉత్తచేతులతో తిరిగొస్తే ఆడవాళ్ళు దారికి అడ్డంగా నిలబడి పేడనీళ్ళు కుమ్మరించడం ఆనవాయితీ. పండగ రోజుల్లోనే మళ్ళీ మీటింగు పెట్టారు, మళ్ళీ లేచాం, మళ్ళీ ఇళ్ళకి బయల్దేరాం. గెడ్డ దాటేసరికి ఒడ్డు పొడుగునా ఊరి ఆడవాళ్ళు, బకెట్లతో! ముందు వరసలో, కడుపు ముందుకేసుకుని, మా అక్క.

"ఏటి మావా, ఏట దొరికిందేటి?"

ఇవాళ మేం పోయింది మీటింగుకి గానీ వేటకి కాదని మామయ్య మీసం దువ్వుతూ చెప్పాడు.

"అదే అడుగుతన్నాను. బడ్జెట్టు తెచ్చినారా, నేదా?"

"కోరం నేదమ్మా," అన్నాడు మామయ్య.

"అయితే ఉత్త సేతులేగా! పొయ్యండే గుంటల్లారా!" అని తోటి ఆడపిల్లలకి కేకేసింది అక్క.

సీతంపేట నుంచి జి.మాడుగుల దాకా ఉన్న ఆవులన్నీ ఏడాదిపాటు కష్టపడితే గాని పోగుపడని పేడ అది. మామయ్య మీసం రెండు వైపులా వాలిపోయింది. ఆ క్షణాన చిన్నాన్న నోరు తెరిచి ఉండడం ఆయన దురదృష్టం. తమ్ముణ్ణి కదా, వదిలేస్తుందనుకున్నాను. నాకోసం అక్క విడిగా ఒక గంగాళమే దాచింది.

"ఇంటికెల్లనీయవే, ఆకలేత్తంది," అని చిన్నాన్న బతిమాలాడు.

"ఎనక్కెల్లండి బాబూ, బేగి! గెడ్డ పొంగినాక నాను ఇటే ఉండిపోతే నన్ను ఆస్పత్రికి ఎవుడు తీసుకెల్తాడు? మీ పేర్ల రాయి మోసుకెల్తాదా?"

అంత గొంతున్న చిన్నాన్న, తల దించుకుని గెడ్డలోకి దిగాడు. మామయ్య వెనకాలే దిగాడు. మళ్ళీ ఆఫీసులో కూర్చున్నాం. ఈసారి ఎవరూ లేవలేదు, లేవలేరు కూడా. పేడ ఆరి, రెండు వర్గాలూ బెంచీలకి అతుక్కుపోయాయి. గుమాస్తా ముక్కు మూసుకుని చదివాడు, మేం చేతులెత్తాం, బడ్జెట్టు పాసయిపోయింది.

తీర్మానం పుస్తకాన్ని పొడుగాటి వెదురుబొంగుకి అడవిపందిని కట్టినట్టు కట్టి, ముందు మామయ్య, వెనక చిన్నాన్న భుజానేసుకుని గెడ్డ దాటారు. ఒడ్డున డప్పులు మోగాయి. అప్పటిదాకా బకెట్లు పట్టిన చేతులే ఒకదాన్నొకటి పెనవేసుకుని థింసా ఆడాయి. ఆ అడుగులకి కొండలు కాస్త పక్కకి జరిగాయని ఇప్పటికీ నా అభిప్రాయం.

వానలు ముదిరేలోగా కల్వర్టు లేచింది. పేర్లు చెక్కని రాయిని ఆడవాళ్ళు గెడ్డలోకి దొర్లించుకుని బట్టలుతికే బండ చేసుకున్నారు. అక్క పొంగిన గెడ్డ మీంచి జీపులో వెళ్ళి, చంటిబిడ్డతో జీపులోనే తిరిగొచ్చింది. ఆ బిడ్డే ఇదిగో, నా పక్కన కాఫీ ఊదుకుంటున్న ఈ మేనకోడలు.

టీవీ చూసి చూసి అది అడిగింది: "మావా, ఈలు ఇంటికి ఏ దారంట వత్తారు?"

ఓటు అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. కానీ మా రోజుల్లో ఓటేయించుకున్నవాడికి ఇంటికి పోవడానికి ఒక్కటే దారి, ఆ దారిలో ఓటేసినవాళ్ళే నిలబడి ఉండేవాళ్ళు. ఇప్పుడు మా ఊరి మెంబరు కూడా కారు అద్దాలెత్తుకుని ఎటునుంచో వచ్చి ఎటో పోతాడు. వేట మానేశాం, మంచిదే. ఆవులు తగ్గాయి, పండక్కి పేడ కూడా వెతుక్కోవాల్సి వస్తోంది.

టీవీలో వాళ్ళు ఇంకా లేచి వెళ్ళిపోతూనే ఉన్నారు. ఆ చొక్కాలు ఎంత తెల్లగా ఉన్నాయో!